ఓటరు నమోదు శిబిరాల వల్ల విద్యార్థుల ఓటింగ్ నిజంగా పెరుగుతుందా?

ప్రశ్న: అనంతపురం అధ్యాపకురాలు
మా డిగ్రీ కళాశాలలో ఏటా జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు ప్రతిజ్ఞ చేయిస్తాము, ర్యాలీ తీస్తాము, పద్దెనిమిదేళ్లు నిండినవారి చేత కొత్త ఓటరు నమోదుకు పెట్టే ఫారం 6 నింపిస్తాము. ఎన్ని దరఖాస్తులు వెళ్లాయో లెక్క రాసి పైకి పంపుతాము గానీ, వారిలో ఎందరి వేలికి సిరా గుర్తు పడిందో మాకు ఏనాడూ తెలియలేదు. 2024 మే 13న పోలింగ్ జరిగాక అడిగితే హాస్టల్ పిల్లలు కొందరు తలలు దించుకున్నారు. ఈ శ్రమకు ఫలితం ఉందని చెప్పగల ఆధారం ఏదైనా ఉందా?

కర్నూలు, రాజనీతిశాస్త్ర పరిశోధక విద్యార్థి
మేడమ్, నమ్మదగిన ఆధారం ఉంది గానీ అది అమెరికాది. 2006లో బెన్నియన్, నికర్సన్ అనే పరిశోధకులు 16 విద్యాసంస్థలలో కొన్ని తరగతులను చీటీలు తీసినట్లు ఎంపిక చేసి, వాటిలో మాత్రమే నమోదు గురించి మాట్లాడించి ఫారాలు పంచగా, మిగిలిన తరగతులతో పోలిస్తే నమోదు సుమారు 6 శాతం పాయింట్లు, ఓటింగ్ 2.6 పాయింట్లు పెరిగాయి. అలా అదనంగా నమోదైనవారిలో సగం కంటే ఎక్కువ మంది ఓటు దాకా రాలేదన్నమాట. అయినా ఒక్క తరగతి ప్రసంగానికి ఇది చిన్న ఫలితం కాదని నా అభిప్రాయం. ఈ-మెయిల్ పంపి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోమంటే మాత్రం ప్రయోజనం కనబడలేదు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2024లో రాష్ట్రమంతటా పోలింగ్ 80 శాతం దాటింది. హైదరాబాదు, బెంగళూరుల నుండి కూడా జనం సొంత ఊళ్లకు వచ్చి ఓటు వేశారు. కాబట్టి మీ విద్యార్థి ఓటు వేసినా, అది శిబిరం వల్లనేనని చెప్పడానికి పోలిక కావాలి.

కడప, గతంలో బీఎల్వోగా (బూత్ స్థాయి ఎన్నికల అధికారిగా) పనిచేసినవారు
అమ్మా, నేను చూసినంతలో అసలు అడ్డంకి ఆసక్తి కాదు, చిరునామా. హాస్టల్ విద్యార్థి తల్లిదండ్రుల ఊరిలోనైనా, హాస్టల్ చిరునామాతోనైనా నమోదు కావచ్చు, రెండుచోట్ల ఉండకూడదు. హాస్టల్ చిరునామాకైతే కళాశాల నుండి బోనఫైడ్ పత్రం జతచేయాలి, ఇప్పటికే ఊరిలో పేరున్నవారు చిరునామా మార్పుకు ఫారం 8 పెట్టాలి. చదువు కోసం వేరేచోట ఉన్నారన్న కారణంతో విద్యార్థికి పోస్టల్ బ్యాలెట్ రాదు. అందుచేత ఫారం చేతికిచ్చే ముందే, పోలింగ్ రోజున ఎక్కడ ఉంటావని ప్రతి ఒక్కరినీ అడగండి. పద్దెనిమిదేళ్లు నిండాయా అని లెక్కించే అర్హత తేదీలు 2022 నుండి ఏడాదికి నాలుగు ఉన్నాయి. పదిహేడు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేయవచ్చు. జనవరి దాకా ఆగవలసిన పని లేదు.

అనంతపురం అధ్యాపకురాలు
ఇద్దరికీ కృతజ్ఞతలు. పోలింగ్ రోజున ఎక్కడ ఉంటావన్న ప్రశ్న మేము ఒక్క విద్యార్థినీ అడగలేదు. తల దించుకున్నవారి పేర్లన్నీ సొంత ఊళ్లలోనే ఉన్నాయని నేడే విచారించి తెలుసుకున్నాను. ఈసారి చీటీలు తీసి కొన్ని సెక్షన్లలో నేనే మాట్లాడతాను, ఎన్నికల తరువాత పేర్లు రాయనవసరం లేని కాగితంపై అన్ని సెక్షన్లనూ అడుగుతాను. అయితే ఫారాలు మాత్రం అందరికీ ఇస్తాను. పోలిక కోసం ఎవరి ఓటునూ ఆపడానికి నా మనసు ఒప్పదు.