అప్‌డేట్: ప్రింట్ క్యూఆర్ బదులు ఏం పెట్టాలి అని అడిగా కదా, సెట్ అయింది

ముందుగా రిప్లై ఇచ్చిన అందరికీ థాంక్స్ అండి. గుర్తులేనివాళ్లకి, మా షాపు కౌంటర్ మీద పేమెంట్ కోసం అంటించిన క్యూఆర్ వెలిసిపోయి గీతలు పడి సగం ఫోన్లకి స్కాన్ అయ్యేది కాదు, పైగా ఎవరైనా దాని మీద వేరే స్టిక్కర్ అంటిస్తారేమోనని భయం, అందుకే అడిగాను.

బిల్లు కొట్టగానే అమౌంట్‌తో సహా క్యూఆర్ చూపించే చిన్న స్క్రీన్ పెట్టమన్నారు చూడండి, అదే పనిచేసింది. కస్టమర్ అమౌంట్ టైప్ చేసే పనే లేదు, ఒక సున్నా ఎక్కువ కొట్టేశానండీ అని వెనక్కి అడిగే గొడవ పూర్తిగా పోయింది.

పక్కనే ఎన్ఎఫ్‌సీ ట్యాగ్ (ఫోన్ ఆనిస్తే చాలు పేమెంట్ లింక్ ఓపెన్ అయ్యే చిన్న స్టిక్కర్) కూడా పెట్టాం, దీంతోనే వారం తిప్పలు పడ్డా. ఫోన్ ఎంత ఆనించినా ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ కవర్ మందం అన్నారు, నెట్ స్లో అన్నారు, రెండూ కాదు. టెక్నీషియన్ వచ్చి ట్యాగ్ పీకి చెక్క మీద పెట్టి ఫోన్ ఆనించాడు, టక్కున పేమెంట్ పేజీ ఓపెన్ అయింది! మా కౌంటర్ పైన స్టీల్ రేకు ఉంది, మెటల్ మీద మామూలు ట్యాగ్ పనిచేయదంట. వెనక ఫెర్రైట్ పొర (కింది మెటల్ ట్యాగ్‌కి అడ్డుపడకుండా చూసే పొర) ఉండే యాంటీ మెటల్ ట్యాగ్ తెచ్చి అంటిస్తే సరిపోయింది, ఫోన్ మాత్రం 4 సెంటీమీటర్ల లోపే పెట్టాలి.

ఇంకోటి, ట్యాగ్‌లో ఉండేది లింక్ మాత్రమే కాబట్టి రాశాక తప్పకుండా లాక్ చేయండి, లేకపోతే ఎవరైనా ఫోన్‌తోనే లింక్ మార్చేయొచ్చు, మళ్లీ పాత భయమే.

పాత ప్రింట్ కాపీ ఒకటి డ్రాయర్‌లో ఉంచాం, కరెంట్ పోయినప్పుడు తీస్తాం.