థాయ్‌లాండ్ రాజు పోయాక ఏడాది దాకా దహనం చెయ్యలేదు, ఎందుకు?

కోనసీమ_కుర్రాడు:
డిసెంబర్‌లో ఫ్యామిలీతో బ్యాంకాక్ వెళ్తున్నాం, అందుకని రోజూ రాత్రి ఆ ఊరి వీడియోలే చూస్తున్నా. నిన్న భూమిబోల్ రాజుగారి అంత్యక్రియల వీడియో వచ్చింది, మొదలుపెట్టాక ఆపలేకపోయాను. బంగారు రథం, దాన్ని లాగుతున్న వందల మంది సైనికులు, రోడ్డుకి రెండు పక్కలా నల్లబట్టలేసుకుని కింద కూర్చుని ఏడుస్తున్న జనం. ఆయన పోయింది 2016 అక్టోబర్ 13న, దహనం చేసింది 2017 అక్టోబర్ 26న. అంటే ఏడాది పైనే! మన దగ్గర పొద్దున పోతే సాయంత్రానికి ఎత్తేస్తారు, మహా అయితే అమెరికా నుంచి కొడుకు దిగేదాకా ఫ్రీజర్ బాక్సులో పెడతారు, అప్పటికే పెద్దోళ్ళు ఇంకా ఎంతసేపు అని గొణుగుతుంటారు. మరి వాళ్ళెందుకు అంతకాలం ఉంచారు, ఎక్కడ ఉంచారు? జనం నిజంగానే అంత ఏడ్చారా లేక గవర్నమెంట్ ఆర్డరా? అప్పుడు అక్కడున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

శ్రీను_బ్యాంకాక్:
తమ్ముడూ, నేను అప్పుడు అక్కడే ఉన్నా, సిలోమ్‌లో మా ఆఫీసు. ముందు నీ చివరి ప్రశ్నకి చెప్తా, ఎందుకంటే అది బయటివాళ్ళందరూ అడుగుతారు.

ఆర్డర్లు ఉన్నమాట నిజమే. గవర్నమెంట్ ఉద్యోగులు ఏడాది పాటు నలుపు వెయ్యాలన్నారు, ముప్పై రోజులు వినోద కార్యక్రమాలు తగ్గించుకోమన్నారు, టీవీలు కొన్నాళ్ళు బ్లాక్ అండ్ వైట్ అయిపోయాయి, వెబ్‌సైట్లు కూడా రంగులు తీసేశాయి. కానీ నల్లచొక్కాలు దొరక్క జనం అల్లాడిపోయారు చూడు, అది ఏ ఆర్డరూ చెయ్యలేదు. రేట్లు పెంచేస్తున్నారని గవర్నమెంట్ షాపులవాళ్ళని హెచ్చరించాల్సి వచ్చింది. రోడ్డు పక్కన పెద్ద పెద్ద పాత్రల్లో నల్లరంగు కాచి, ఎవరు ఏ బట్టలు తెచ్చినా ఫ్రీగా అద్దకం వేసి ఇచ్చారు వాలంటీర్లు. నా ముందు ఒక పెద్దావిడ పసుపు చొక్కా తెచ్చింది. ఆయన పుట్టింది సోమవారం, వాళ్ళ లెక్కలో సోమవారం రంగు పసుపు, అందుకే ఆయన బతికున్నన్నాళ్ళూ జనం అభిమానంతో వేసుకున్నది ఆ రంగే. ఆ చొక్కాని ఆవిడ వెంటనే ఇవ్వలేదు, కాసేపు చేత్తో నిమిరి నిమిరి అప్పుడు రంగులోకి వదిలింది.

ఎక్కడ ఉంచారంటే గ్రాండ్ ప్యాలెస్‌లో, దుసిత్ మహా ప్రాసాత్ అనే హాల్లో. 2016 అక్టోబర్ 29 నుంచి 2017 అక్టోబర్ 5 దాకా మామూలు జనాన్ని లోపలికి వదిలారు, మొత్తం 1 కోటి 27 లక్షల మంది వచ్చి దణ్ణం పెట్టుకున్నారు. పల్లెటూళ్ళ నుంచి రాత్రంతా బస్సుల్లో వచ్చి, ప్యాలెస్ బయట సనామ్ లువాంగ్ మైదానంలో గంటలు గంటలు కూర్చుని, లోపలికెళ్ళాక సాష్టాంగపడి లేచే టైమే దొరికేది. బయట అన్నం ఫ్రీ, నీళ్ళు ఫ్రీ, బైక్ ట్యాక్సీలు కూడా ఫ్రీగా తిప్పారు.

మా ఆఫీసులో చియాంగ్ మై వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. లంచ్ టైంలో అన్నం పక్కకి జరిపి పల్చటి కాగితంతో పూలు చుట్టేది. అక్కడ ఎవరు పోయినా చితి మీద గంధపు పూలని పెడతారు, ఇప్పుడు చాలావరకు కాగితంతోనే చేస్తారు. రాజుగారి కోసం ఊరూరా లక్షల లక్షలు అలా చేత్తో చేశారు. ఎందుకింత అని అడిగితే "మా కొండల మీద ఒకప్పుడు నల్లమందు పండించేవాళ్ళం, ఆయన ప్రాజెక్టు వచ్చాకే మా నాన్న కాఫీ వేశాడు, నేను చదువుకున్నాను" అంది. డెబ్బై ఏళ్ళు ఏలాడు తమ్ముడూ. అరవై ఏళ్ళ మనిషికి కూడా పుట్టినప్పటి నుంచి ఆయన ఒక్కడే రాజు. ఆయన పుట్టినరోజు డిసెంబర్ 5నే వాళ్ళకి ఫాదర్స్ డే.

పాత_పుస్తకాల_పిచ్చి:
ఏడాది ఎందుకు అన్నదానికి నేను చెప్తా. థాయ్ రాజుల చక్రీ వంశంలో ఇది కొత్తేం కాదు. భూమిబోల్ గారి అన్న, ఎనిమిదో రాముడు (అక్కడ రాజులందరినీ రాముడనే అంటారు) ఆనంద మహిడోల్, 1946 జూన్ 9న పోతే దహనం చేసింది 1950 మార్చి 29న, అంటే దాదాపు నాలుగేళ్ళు. వాళ్ళ అమ్మగారు 1995 జూలైలో పోతే 1996 మార్చిలో చేశారు. ఈ మధ్యకాలం అంతా ఊరికే గడవదు, భిక్షువులు రోజూ అభిధర్మం అనే బౌద్ధ గ్రంథం చదువుతారు, ఏడో రోజు, యాభయ్యో రోజు, వందో రోజు ఇలా పూజలు నడుస్తూనే ఉంటాయి. పాతకాలంలో దేహాన్ని నిలువు బంగారు కలశంలో కూర్చోబెట్టేవాళ్ళు, ఈయన్ని మాత్రం పెట్టెలోనే పడుకోబెట్టారు, కలశం గుర్తుగా ముందు ఉంచారు.

అసలు టైం పట్టేది చితికి. అది చితి అనడానికి లేదు, ఏకంగా మేరు పర్వతమే కడతారు. రాజంటే విష్ణువు అంశ, పని అయ్యాక తిరిగి మేరువు మీదికి వెళ్ళిపోతాడని వాళ్ళ నమ్మకం, అందుకే రాజులందరికీ రాముడనే పేరు, భూమిబోల్ తొమ్మిదో రాముడు. సనామ్ లువాంగ్‌లో 50 మీటర్ల పైచిలుకు ఎత్తున, తొమ్మిది శిఖరాలతో కట్టారు. చుట్టూ హిమవంత వనంలో (పురాణాల్లో మేరువు కింద ఉండే అడవి) జంతువులు, గరుడులు, దేవతలు, వందల బొమ్మలు. వాటి మధ్యలో ఆయన పెంచుకున్న కుక్క తోంగ్‌డేంగ్ బొమ్మ కూడా పెట్టారు, వీధికుక్క పిల్లని తెచ్చి పెంచిన రాజు ఆయన. ముందు భాగంలో నిజం వరిపొలం వేశారు, దాని గట్టుని థాయ్ అంకె తొమ్మిది ఆకారంలో తీర్చారు, పక్కన ఆయన డిజైన్ చేసిన నీళ్ళలోకి గాలి ఎక్కించే చక్రం. నాకు ఇక్కడే మనసు నిలిచిపోయింది. దేవుడంటూనే ఆయన చేసిన పని తెచ్చి దేవుడి కొండ ముందు పెట్టారు.

నువ్వు చూసిన రథం 1795లో మొదటి రాముడు తన తండ్రి అస్థికల ఊరేగింపు కోసం చేయించింది, టేకు మీద బంగారు పూత, బరువు 13 టన్నుల పైమాటే, 216 మంది సైనికులు లాగారు. ప్యాలెస్ నుంచి పల్లకీ మీద వాట్ ఫో గుడి దాకా, అక్కడి నుంచి రథం మీద మైదానం దాకా, అక్కడ ఫిరంగి బండి మీదికి మార్చి మేరువు చుట్టూ మూడుసార్లు అప్రదక్షిణంగా తిప్పారు. మనవాళ్ళు కూడా అపరకర్మల్లో ఎడమకే తిరుగుతారు కదా. రాత్రంతా పక్కనే వేదికల మీద రామాయణం ఆడారు, వాళ్ళ రామకియన్, ముసుగులు వేసుకుని ఆడతారు.

వరంగల్_రాధ:
అన్నీ బానే ఉన్నయి గానీ ఖర్చు మాట ఎవ్వరు అంటలేరు. 300 కోట్ల బాత్, మన లెక్కల అప్పట్ల దాదాపు 600 కోట్ల రూపాయలు, మొత్తం అంత్యక్రియలకు, అండ్ల కొన్ని రోజులకు తీసేసే ఆ కట్టడం గూడ ఉంది. ఇంకోటి, అక్కడ 112 సెక్షన్ ఉంది, రాజు మీద ఒక మాట అంటే 3 నుంచి 15 ఏండ్లు జైలు. నలుపు వేసుకోలేదని రోడ్డు మీద జనాన్ని నిలదీసిన వీడియోలు అప్పుడు నేను చూసిన, ఫేస్‌బుక్‌ల ఏదో రాసిండని పట్టుకొచ్చి రాజు ఫొటో ముందు మోకాళ్ళ మీద కూసోబెట్టి క్షమాపణ చెప్పించిన్రు. గసుంటి కాడ ఎవరిది నిజమైన ఏడుపు, ఎవరిది భయం అని ఎట్ల తెలుస్తది? మా తాత చెప్పేటోడు, 1967 ఫిబ్రవరిల ఏడో నిజాం పోయినప్పుడు హైదరాబాద్ రోడ్లన్నీ జనమే అని. ఆయన రాజ్యం పోయి అప్పటికి పద్దెనిమిదేండ్లు దాటినయి. భయపెట్టేటోడు లేనప్పుడు వచ్చిన జనం గది. కింగ్ కోఠి ఎదురుంగ ఉన్న జుడీ మసీదుల తెల్లారే ఖననం చేసిన్రు, ఏడాది ఆగలే.

శ్రీను_బ్యాంకాక్:
రాధ గారూ, మీరన్నది కాదనను. ఆ చట్టం గురించి మా థాయ్ ఫ్రెండ్స్‌లోనే కొందరు ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు, కుర్రాళ్ళలో దాని మీద కోపం ఉంది, 2020లో రోడ్ల మీదికి కూడా వచ్చారు. నలుపు విషయంలో జనాన్ని వేధించొద్దు, కొనుక్కోలేని వాళ్ళుంటారని ఆ వారమే గవర్నమెంట్ కూడా చెప్పింది. కానీ నేను చూసిన ఆ పెద్దావిడ చొక్కాని ఎవరి భయానికీ నిమరలేదండీ. భయం ఉంది, ప్రేమా ఉంది, చాలామందిలో రెండూ కలిసే ఉన్నాయి. ఒకటి చూసి రెండోది అబద్ధం అనలేం. ఏడాది ఆగడం వల్ల పల్లెటూరి మనిషి కూడా బస్సు టికెట్‌కి డబ్బులు కూడబెట్టుకుని, కోతలు అయ్యాక వచ్చి చూసుకోగలిగాడు. వెంటనే చేసేస్తే టీవీలో చూసేవాళ్ళే తప్ప వచ్చేవాళ్ళు సిటీ జనమే అయ్యుండేవాళ్ళు. నాకు ఆ ఏడాదిలో నచ్చింది అదే.

ఇంకోటి, దహనం రోజు రాత్రి అసలు నిప్పు పెట్టే ఘట్టం లైవ్ ఇవ్వలేదు. దేశమంతా మేరువు నమూనాలు కట్టారు, జనం వాటి దగ్గరే తాము చేసిన పూలు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. చాలా షాపులు ఆ రోజు మధ్యాహ్నానికే మూసేశారు.

వరంగల్_రాధ:
ఊళ్ళ నుంచి వచ్చేటోళ్ళ గురించి మీరు చెప్పింది నాకు తట్టలే అన్నా. చట్టం మీద మాత్రం నా మాట అదే.

కోనసీమ_కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. శ్రీను అన్నా, ఆ మేరువు ఇప్పుడు ఉందా? పిల్లల్ని తీసుకెళ్ళి చూపించడానికి ఏమైనా మిగిలాయా?

పాత_పుస్తకాల_పిచ్చి:
మేరువు లేదు తమ్ముడూ, అది ఎప్పుడూ తాత్కాలికమే. నవంబర్, డిసెంబర్ నెలల్లో జనం చూడ్డానికి తెరిచి ఉంచి ఆ తర్వాత విప్పేశారు. రథం మాత్రం చూడొచ్చు, సనామ్ లువాంగ్ పక్కనే నేషనల్ మ్యూజియం ఉంది, అందులో రథాల కోసమే ఒక పెద్ద షెడ్డు లాంటి హాలు ఉంది. పల్లకీలు కూడా అక్కడే. సోమ, మంగళ వారాలు మ్యూజియం సెలవు, అది చూసుకుని ప్లాన్ చేసుకో. గ్రాండ్ ప్యాలెస్‌కి నడిచే దూరమే, అదే రోజు పెట్టుకో, కానీ ప్యాలెస్‌లోకి నిక్కర్లు, చేతుల్లేని బట్టలు ఒప్పుకోరు, పిల్లలకి ముందే చెప్పు.