ఫుట్ బ్రిడ్జి వైబ్రేషన్ డేటాలో 12.5 హెర్ట్జ్ దగ్గర సూది లాంటి పీక్: ఏ ఫిల్టర్ పెట్టాలి?

ఎంటెక్_స్ట్రక్చర్స్

అందరికీ నమస్కారం. మా కాలేజీ ముందు హైవే మీదున్న స్టీల్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద ప్రాజెక్టు చేస్తున్నాను. స్పాన్ మధ్యలో ఎంపీయూ6050 అనే కదలిక సెన్సర్ (యాక్సిలరోమీటర్) బిగించి, ఈఎస్పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో 16 మిల్లీసెకన్లకు ఒక రీడింగ్ తీస్తున్నాను, అంటే 62.5 హెర్ట్జ్. సెన్సర్ సెట్టింగులు డీఫాల్టే. ఎఫ్ఎఫ్‌టీలో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత కదలిక ఉందో చూపే లెక్క) 4.1 దగ్గర కాస్త వెడల్పాటి పీక్ వస్తోంది, అది మొదటి మోడ్ (బ్రిడ్జి సహజంగా ఊగే మొదటి తీరు) అని నమ్మకంగా ఉంది. సమస్యంతా 12.5 దగ్గర నిలబడ్డ సూదితోనే. కరెంటు లైన్ల నుంచి వచ్చే రొద (హమ్) అనుకుందామంటే సెటప్ మొత్తం పవర్ బ్యాంక్ మీద నడుస్తోంది. నా కంప్యూటర్ మోడల్‌లో రెండో మోడ్ 13 దరిదాపుల్లో ఉండాలి.

20 హెర్ట్జ్ లో-పాస్ (దాని పైనున్నవి తీసేసే ఫిల్టర్) పెట్టాను, పోలేదు. వేవ్‌లెట్ అనే నాయిస్ తగ్గించే పద్ధతి పెట్టాను, గ్రాఫ్ అందంగా వచ్చింది గానీ సూది అలాగే ఉంది. 5 పాయింట్ల మూవింగ్ యావరేజ్ పెడితే మాత్రం పూర్తిగా మాయమైంది! అంటే అది నాయిసే కదా? గైడ్ గారు "డేటా క్లీన్ చేసి పట్రా" అంటున్నారు. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

మోటార్ల_డాక్టర్

తమ్ముడూ, ముందు ఆ మూవింగ్ యావరేజ్ తీసి పక్కన పెట్టు. 62.5ని 5తో భాగించు, ఎంతొచ్చింది? 12.5. ఐదు పాయింట్ల సగటు సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీని సున్నా చేస్తుంది. అక్కడ ఉన్నది నాయిసైనా, నీ బ్రిడ్జి అసలు మోడైనా ఒకేలా తుడిచేస్తుంది. అది మాయమైనంత మాత్రాన ఏదీ రుజువు కాలేదు.

నేను బ్రిడ్జిల మనిషిని కాదు, ప్లాంటులో పంపులూ ఫ్యాన్ల వైబ్రేషన్ చూస్తుంటాను. మా దగ్గర ఒక పీక్ కనబడితే ఫిల్టర్ జోలికి పోం. చుట్టుపక్కల ఏం తిరుగుతోందని వెతుకుతాం. స్టీల్ బ్రిడ్జి మోడ్‌కు డ్యాంపింగ్ (ఊగు తగ్గించే గుణం) తక్కువే అయినా దాని పీక్‌కు కాస్త పొట్ట ఉంటుంది. సన్నటి సూది కనబడితే నా అనుమానం ముందు యంత్రం మీదికే పోతుంది. బ్రిడ్జి దగ్గర్లో జనరేటర్ గానీ ఉందా?

ఎంటెక్_స్ట్రక్చర్స్

ఉంది సార్! మెట్ల పక్కనే ఫంక్షన్ హాల్ వాళ్ల డీజిల్ జనరేటర్. పెళ్లిళ్ల సీజన్ కదా, రీడింగులు తీసినప్పుడు నడుస్తూనే ఉంది.

మోటార్ల_డాక్టర్

చూశావా. మామూలుగా అవి 1500 ఆర్పీఎం, అంటే 25 హెర్ట్జ్. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి ఫైర్ అవుతుంది కాబట్టి సగం ఆర్డర్, 12.5, నిజంగానే రావచ్చు. నాలుగు సిలిండర్లయితే చుట్టుకు రెండు ఫైరింగులు, అంటే 50. శాంప్లింగ్ రేటులో సగం కన్నా పైనున్న ఫ్రీక్వెన్సీ తక్కువ ఫ్రీక్వెన్సీలా కనబడుతుంది, కాబట్టి నువ్వు 62.5తో శాంపుల్ చేస్తే ఆ 50 కిందికి మడతపడి, 62.5 మైనస్ 50, మళ్లీ 12.5 దగ్గరే కూర్చుంటుంది. రికార్డు అయిపోయాక వాటిని విడదీసే ఫిల్టర్ లేదు. వేవ్‌లెట్ కాదు కదా, దాని తాత వల్ల కూడా కాదు.

శాంప్లింగ్ సెకనుకు 200కు పెంచు. సూది 50కి వెళ్లిపోతే అది ఈ మడతే, అంటే అలియాసింగ్. 12.5 దగ్గరే ఉంటే జనరేటర్ ఆపాక మళ్లీ రికార్డు చెయ్యి. పోయిందా, ఇంజిన్ సగం ఆర్డర్. అయినా ఉందా, అప్పుడు మోడ్ గురించి ఆలోచిద్దాం.

గర్డర్_బాబాయ్

పైన చెప్పింది అక్షరాలా నిజం. నాదొక మాట. ఆ ఎంపీయూ6050 చిప్ డీఫాల్ట్‌లో యాక్సిలరోమీటర్ బ్యాండ్‌విడ్త్ 260 హెర్ట్జ్. నాయిస్ రూట్ హెర్ట్జ్‌కు 400 మైక్రో-జి. దాన్ని 260 వర్గమూలంతో గుణించి లెక్కేస్తే 6 మిల్లీ-జి పైచిలుకు (జి అంటే గురుత్వ త్వరణం). 62.5తో తీస్తే అదంతా 31 హెర్ట్జ్ లోపలికి మడతపడుతుంది. జనం నడవనప్పుడు నీ బ్రిడ్జి ఊగేది అంతకన్నా చాలా తక్కువ ఉండొచ్చు. చిప్ లోపలే లో-పాస్ సెట్టింగ్ ఉంది, 200 శాంపుళ్లకు 44 హెర్ట్జ్ సరిపోతుంది. కానీ ఆ 50 పరీక్ష అయ్యేదాకా 94 మీద ఉంచు, లేకపోతే నిందితుణ్నే దాచేస్తావు.

వీలైతే రెండో సెన్సర్ తెచ్చి మొదటిదాని పక్కనే బిగించు. డబుల్ సైడ్ టేప్ వద్దు, బోల్టు గానీ ఎపాక్సీ గానీ వాడు. రెండింటి క్రాస్ స్పెక్ట్రమ్‌ను (రెండు సెన్సర్లలో ఉమ్మడిగా ఉన్నదాన్ని చూపే లెక్క) ఇరవై ముప్ఫై నిమిషాల రికార్డు మీద సగటు తీస్తే, ఎవరి నాయిస్ వాళ్లదే కాబట్టి అది తగ్గుతూ పోతుంది. బ్రిడ్జి కదలిక ఇద్దరికీ ఉమ్మడిది, మిగులుతుంది. స్పెక్ట్రమ్‌ను నునుపు చేసే ఏ ఫిల్టర్ కన్నా నాకు ఇదే నచ్చుతుంది.

ఉష్ణోగ్రత కూడా రాసి పెట్టుకో. స్విట్జర్లాండ్‌లో జెడ్24 అనే కాంక్రీటు వంతెనను 1998లో కూల్చే ముందు దాదాపు ఏడాది కొలిచారు. చలికి తారు బిగుసుకుని ఫ్రీక్వెన్సీలు పెరిగాయి. మనకు గడ్డకట్టే చలి లేదు, కానీ మిట్టమధ్యాహ్నం స్టీల్ మీద చెయ్యి పెట్టగలవా?

ఎంటెక్_స్ట్రక్చర్స్

సార్, బాబాయ్ గారూ, 200తో తీశాను. సూది మొత్తం 50 దగ్గరికి వెళ్లిపోయింది! 12.5 దగ్గర ఏమీ లేదు. అయితే 12.9 దగ్గర చిన్న పొట్ట లాంటిది కనబడుతోంది, ఇన్నాళ్లూ సూది పక్కన కలిసిపోయినట్టుంది. ఇది రెండో మోడేనా?

గర్డర్_బాబాయ్

కావచ్చు. రెండో మోడ్‌కు స్పాన్ మధ్యలో కదలిక దాదాపు సున్నా, అందుకే చిన్నగా కనబడుతోందేమో. సెన్సర్‌ను పావు స్పాన్ దగ్గరికి మార్చు. జనం లేని పొద్దున అక్కడే మునివేళ్ల మీద లేచి మడమలతో గట్టిగా దిగు, జనరేటర్ ఆగి ఉన్నప్పుడు సుమా. అక్కడ ఆ పొట్ట పెరిగితే నీ రెండో మోడ్ దొరికినట్టే. గ్రాఫులు ఇక్కడ పెట్టు, చూద్దాం.