గ్రానైట్‌లో పాత పగుళ్లు మూసుకున్నాయా, కొత్తవి పుట్టాయా? తరంగ వేగాన్ని బట్టి ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. రాతి నమూనాలను నొక్కుతూ, వాటిలో అల్ట్రాసోనిక్ తరంగాల వేగం కొలుస్తున్నాను. ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు దారి చూపించండి.

పొడి గ్రానైట్‌ను అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కితే చిక్కేమీ లేదు. సన్నటి పగుళ్లు ముందు మూసుకుంటాయి, పీ తరంగం (తాను వెళ్లే దిశలోనే రాతిని కుదిస్తూ, సాగదీస్తూ వెళ్లేది) వేగం గబగబా పెరుగుతుంది. ఒత్తిడి సుమారు 150-200 మెగాపాస్కల్స్ దాటాక ఆ పెరుగుదల బాగా నెమ్మదిస్తుంది. వెడల్పు పొడవులో వెయ్యో వంతు ఉండే పగులు మూసుకోవడానికి కొన్ని పదుల మెగాపాస్కల్స్ చాలు. గుండ్రటి రంధ్రాలు మాత్రం అంత తేలిగ్గా లొంగవు.

నా ఇబ్బందల్లా ఒకే దిశలో నొక్కినప్పుడు. లోడ్ దిశలో వేగం పెరుగుతోంది, అడ్డంగా దాదాపు మారడం లేదు. లోడ్‌కు లంబంగా ఉన్న పగుళ్లే మూసుకుంటాయి కాబట్టి ఇది సరే. ఇంకా పెంచితే అడ్డంగా వెళ్లే తరంగం నెమ్మదిస్తోంది, స్క్రీన్ మీద దాని తొలి శిఖరం ఎత్తు కూడా పడిపోతోంది. లోడ్‌కు సమాంతరంగా కొత్త పగుళ్లు తెరుచుకుంటున్నాయనే అనుకుంటున్నాను.

అసలు ప్రశ్న లోడ్ తగ్గించేటప్పటిది. అదే ఒత్తిడి దగ్గర లోడ్ దిశలో వేగం, లోడ్ పెంచేటప్పుడు వచ్చినదానికంటే కాస్త ఎక్కువ వస్తోంది. ఇది పగులు ముఖాల మధ్య ఘర్షణ వల్లేనా? కొత్త పగుళ్ల వల్ల జరిగిన నష్టమే అయితే వేగం తగ్గాలి కదా! ఎస్ తరంగాలను (తాము వెళ్లే దిశకు అడ్డంగా రాతిని కంపింపజేసేవి) రెండు ధ్రువణ దిశల్లో, అంటే రెండు వేర్వేరు కంపన దిశల్లో, కొలిస్తే తేలుతుందా? నమూనాను నీటితో నింపితే పీ వేగం పెరిగి పగుళ్ల జాడ చెరిగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏది ముందు కొలుస్తారు?