రోమ్‌లో రెండే రోజులు, అమ్మతో. ఏది ఉంచాలి, ఏది వదలాలి?

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మను తీసుకుని రోమ్ వెళ్తున్నాను. చేతిలో ఉన్నది శని, ఆదివారాలే. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాలుగు మెట్లు ఎక్కగానే రెయిలింగ్ పట్టుకుని ఆగి, "నువ్వు పద, వస్తా" అంటుంది. ఆమెను పరుగులు పెట్టించడం నాకిష్టం లేదు.

నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు వాటికన్ మ్యూజియంలకు సెలవు. అందుకే శనివారం పొద్దున్నే అక్కడికి. ఆ మ్యూజియంలలోనే ఉన్న సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనా మందిరంలో మైకెలాంజెలో బొమ్మలు వేసిన పైకప్పు చూడాలని అమ్మకు ఎన్నాళ్ల కోరికో! సెయింట్ పీటర్స్ చర్చి గోపురం ఎక్కడం మాత్రం వద్దనుకుంటున్నా. లిఫ్ట్‌లో వెళ్లినా ఇంకా 320 మెట్లు ఎక్కాలి.

ఆదివారం కొలోసియం, అదే పాత రోమన్ల పెద్ద క్రీడా ప్రాంగణం. అదే టికెట్ మీద పక్కనే ఉన్న రోమన్ ఫోరమ్ (పాత నగర కూడలి శిథిలాలు), పాలటైన్ కొండ కూడా చూడొచ్చు గానీ, ఆ ఎగుడుదిగుడు రాళ్ల దారిలో అమ్మ నడవగలదా అని నా బెంగ. పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి: ఫోరమ్‌ను పైనుంచే చూసి, సాయంత్రం పాంథియన్ అనే పురాతన రోమన్ గుడి దగ్గర తీరిగ్గా కూర్చోవడం మేలా? మ్యూజియంలో చాపెల్ చేరేదాకా మధ్యమధ్య కూర్చునే చోట్లు ఉంటాయా?