ఫీజు కట్టాక కూడా ఇంటి ప్లాన్ మాది కాదా? పాత ఆర్కిటెక్ట్ వాడొద్దంటున్నారు

ప్రశ్న (ఇంటి యజమాని)

అందరికీ నమస్కారం. మేం రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటున్నాం. ప్లింత్ (నేల మట్టానికి పైన వచ్చే పునాది కట్టు) దాకా వచ్చింది. ప్లాన్లు, ఎలివేషన్ (ఇల్లు బయటి నుంచి కనిపించే రూపం), సెక్షన్లు (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగ్స్), కట్టడానికి పర్మిషన్‌కు పెట్టిన డ్రాయింగ్స్ అన్నీ ఒక ఆర్కిటెక్ట్ చేశారు. అక్కడి వరకు మాట్లాడుకున్న ఫీజు మొత్తం ఇచ్చేశాం, రసీదులున్నాయి. మెట్లు, కిటికీలు, బాత్‌రూమ్‌ల వర్కింగ్ డ్రాయింగ్స్ (మేస్త్రీ కొలతలు చూసి కట్టేవి) మాత్రం ఇంకా రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే వారం అంటూ మూడు నెలలు గడిపారు. మేస్త్రీ సైట్‌లో ఖాళీగా కూర్చుంటున్నాడు. ఇక లాభం లేదని వేరే ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళితే ఆయన క్యాడ్ ఫైళ్లు (కంప్యూటర్‌లో గీసిన అసలు డ్రాయింగ్స్) తెమ్మన్నారు. పాత ఆయన్ని అడిగితే, ఫైళ్లు ఇవ్వను, నా డిజైన్ ఇంకొకరు ముట్టుకుంటే కాపీరైట్ కేసు వేస్తానని మెసేజ్ పెట్టారు. అప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా ఒప్పందం ఒకే ఒక్క పేజీ. అందులో ఏ దశకు ఎంత ఫీజు అన్నదే ఉంది, కాపీరైట్ ఊసే లేదు.

ఇంకోటి. పక్క స్థలం మా తమ్ముడిది. వాడూ ఇదే ప్లాన్‌తో కడతానంటున్నాడు. "డబ్బులిచ్చి చేయించుకున్నాం కదా అన్నయ్యా, మళ్లీ అడగడం దేనికి?" అంటాడు. వాడన్నది సరైనదేనా?

జవాబు 1 (ఆర్కిటెక్ట్)

పందొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నానండీ. మీ ఇంటి విషయంలో అంత భయపడక్కర్లేదు. కాపీరైట్ గీసినవారిదే. మీరిచ్చిన ఫీజుకు వచ్చింది ఆ స్థలంలో ఆ ఇల్లు కట్టుకునే అనుమతి. హక్కు మీ పేరుకు మారాలంటే రాసుకోవాలి. భారతదేశపు 1957 కాపీరైట్ చట్టమైతే 19వ సెక్షన్‌లో, సంతకంతో కూడిన రాత లేకుండా బదిలీ చెల్లదని చెబుతుంది.

ఒప్పందంలో ఏమీ రాసుకోకపోతే ఎలా అన్నదానికి ఇంగ్లండ్‌లో 1970ల మొదట్లో వచ్చిన రెండు తీర్పులు చదవదగ్గవి. బ్లెయిర్ కేసులో ఆర్కిటెక్ట్ పర్మిషన్ వరకు పనిచేసి, ఆ దశకు రావలసిన ఫీజు తీసుకున్నారు. యజమానులు స్థలం అమ్మేశారు. కొన్నవాళ్లు అదే డిజైన్‌తో అక్కడ కట్టుకోవచ్చని కోర్టు చెప్పింది. స్టోవిన్-బ్రాడ్‌ఫర్డ్ కేసులో పర్మిషన్ కోసం నామమాత్రపు ఫీజే తీసుకున్నారు. అంత తక్కువకు కట్టుకునే అనుమతి కూడా ఇచ్చినట్టు కాదని తేల్చారు. మీరు ఆ దశ ఫీజు పూర్తిగా ఇచ్చారు కాబట్టి మీ పరిస్థితి మొదటిదానికి దగ్గర. ఆ రసీదులు పారేసుకోకండి. పైగా భారత చట్టం 59వ సెక్షన్ ప్రకారం, మొదలైపోయిన కట్టడాన్ని కాపీరైట్ పేరుతో ఆపించడం, కూల్పించడం కుదరదు. నష్టపరిహారం మాత్రం అడగొచ్చు.

క్యాడ్ ఫైళ్లు ఇస్తానని రాసుకోలేదు కాబట్టి వాటి కోసం పట్టుబట్టడం కష్టం. మీ దగ్గరున్న ప్రింట్లు చూసి కొత్త ఆయన మళ్లీ గీసుకోవచ్చు, అదీ ఈ ఇంటి కోసమే. చేసిన పనికి బాకీ ఏమైనా ఉంటే ముందు అది తీర్చేయండి.

మీ తమ్ముడి మాట మాత్రం తప్పు. అనుమతి మీ స్థలానికి, ఒక్క ఇంటికి. లండన్‌లో హీల్స్ అనే ఫర్నిచర్ షాపును పొడిగించినప్పుడు మొదటి ఆర్కిటెక్టుల డిజైన్‌నే కొత్త భాగంలోనూ తెచ్చిపెట్టారు. అదే షాపు, అదే యజమాని, అయినా 1941లో కోర్టు అది ఉల్లంఘనే అంది. కాగితం ముట్టుకోను, ఇల్లు చూసి కడతానన్నా లాభం లేదు. అమెరికాలో ఒకప్పుడు ఆ సందు ఉండేది, 1990 డిసెంబరులో వచ్చిన చట్టం కట్టిన భవనానికి కూడా రక్షణ ఇచ్చింది. మూడు పడకగదులు, మధ్యలో హాలు అన్న ఆలోచన ఎవరి సొత్తూ కాదు. దాన్ని ఒకరు ఎలా అమర్చారో ఆ అమరికకే కాపీరైట్.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఒక ఇంటికి మొదట ఇచ్చిన షీట్‌లో మెట్ల మీదుగా ఒక బీమ్ వెళుతోంది. కింద తల ఎత్తు (మెట్టుకూ బీమ్‌కూ మధ్య ఖాళీ) 1.8 మీటర్లే వస్తుందని నేను గమనించలేదు. షట్టరింగ్ (కాంక్రీట్ పోసే అచ్చు) కొట్టే ముందు పట్టుకుని, ఇంజనీర్‌తో మాట్లాడి బీమ్ జరిపించి, రివిజన్ షీట్ (సరిదిద్దిన డ్రాయింగ్) ఇచ్చాను. ఏడాది తర్వాత వేరే చోట అచ్చం అదే ఎలివేషన్ కనిపించింది. అడిగి లోపలికి వెళ్లాను. అదే మెట్లు, అదే బీమ్, అదే చోట. ఎవరో నా పాత షీట్ తీసుకెళ్లి కట్టేశారు. ఆ ఇంటి పెద్దాయన మెట్లెక్కుతూ చెయ్యి పైకెత్తి బీమ్‌ను తడిమి, తల వంచి వెళ్లారు. అలవాటైపోయిందన్నారు. ఫీజు పోయినందుకంటే అది చూసినందుకే ఎక్కువ ఏడ్చాను. ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ రివిజన్ ఊరికే ఇచ్చేదాన్ని.

జవాబు 2 (స్ట్రక్చరల్ ఇంజనీర్)

మేడమ్ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఫుటింగ్ (స్తంభం కింది పునాది దిమ్మ), కాలమ్ (స్తంభం), స్టీల్ డ్రాయింగ్స్ ఇంజనీర్ గీసినవైతే వాటి కాపీరైట్ కూడా వేరే, ఆర్కిటెక్ట్ ఒప్పుకున్నంత మాత్రాన అవి వాడుకోవచ్చని కాదు. మీ ఫుటింగ్ సైజు మీ స్థలం మట్టి పరీక్ష మీద లెక్క కట్టింది. పక్క స్థలం ఒకప్పుడు గొయ్యి అయి, పూడ్చి ఉంటే? మీ తమ్ముడి చేత మట్టి పరీక్ష తప్పకుండా చేయించండి.

ఇంటి యజమాని

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేడమ్ చెప్పిన బీమ్ సంగతి తమ్ముడికి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాత ఆర్కిటెక్ట్‌కు మర్యాదగా ఉత్తరం రాశాను. ఆదివారం కూర్చుందామన్నారు. ఆయన చేత ఏమేం రాయించుకోవాలి?

జవాబు 1 (ఆర్కిటెక్ట్)

మంచి పని చేశారు. ఇప్పటిదాకా ఇచ్చిన షీట్ల నంబర్లు, ఒక్కోదాని చివరి రివిజన్ తేదీ ముందు రాయించుకోండి. ఫీజు ముట్టిందని, ఈ స్థలంలో ఈ ఇల్లు వేరే ఆర్కిటెక్ట్‌తో పూర్తి చేసుకోవడానికి అభ్యంతరం లేదని ఆయన సంతకం చేయాలి. ఇకపై మారే డ్రాయింగ్స్‌కు బాధ్యత తనది కాదని ఆయన రాయమంటే ఒప్పుకోండి, అది న్యాయమే. కొత్త ఆర్కిటెక్ట్ కూడా పని మొదలుపెట్టేముందు పాత ఆయనకు రాతపూర్వకంగా తెలియజేయాలి. భారతదేశంలో ఆర్కిటెక్టుల 1989 వృత్తి నియమాల్లోనే ఆ మాట ఉంది. తమ్ముడి ఇంటిని ఈ కాగితంలో కలపకండి. ఆయన్నే వచ్చి విడిగా అడగమనండి, రెండో ఇంటికి ఫీజు మాట్లాడుకోమనండి. అన్నట్టు, మీ ప్రింట్లలో మెట్ల సెక్షన్ ఉంటే తల ఎత్తు ఎంత రాసి ఉందో ఈ రాత్రే చూడండి.