మా చెత్త సంచి ఒక్కటే వదిలేసి వెళ్ళారు. కింది ఇంటి పెద్దావిడకు ఏం చెప్పాలి?

తూగోజీ_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా వారి ఉద్యోగం వల్ల మూడు వారాల క్రితం కాకినాడ నుంచి టోక్యో వచ్చాం. నిషికసాయ్‌లో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. మొన్న మంగళవారం పొద్దున అందరిలాగే నేనూ చెత్త సంచి కింద పెట్టాను. పాపను స్కూల్లో దింపి తిరిగొచ్చేసరికి అందరి సంచులూ తీసుకెళ్ళారు. మాది మాత్రం ఒక స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేశారు. అందులో ఖాళీ అయిన ఆవకాయ సీసా, రెండు కొబ్బరిపాల డబ్బాలు, గారెలు వేయించిన నూనె పోసిన కవరు ఉన్నాయి. కాకి సంచిని చింపేసింది, నూనె రోడ్డంతా కారింది. కింది ఇంటి పెద్దావిడ, డెబ్బై ఏళ్ళు పైనే ఉంటాయి, వంగి ఆ నూనె తుడుస్తోంది.

ఆవిడ ఏదో చెప్పింది. 'గోమి', అంటే చెత్త, అన్న మాట తప్ప నాకేమీ అర్థం కాలేదు. సారీ సారీ అనేసి సంచి పట్టుకుని పైకి పరిగెత్తాను. అప్పటి నుంచి ఆవిడ తలుపు చప్పుడైతే మెట్లు దిగడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఓనర్‌కు చెప్తుందేమో? సున్నుండలు చేసి పట్టుకెళ్తే బాగుంటుందా? దయచేసి చెప్పండి.

ఫునబోరి_వాసి:
చెల్లెమ్మా, కంగారు పడకు. ఆ స్టిక్కర్ జరిమానా కాగితం కాదు. ఏ కారణంతో వదిలేశారో దాని మీదే రాసి ఉంటుంది, ఫోన్ కెమెరా పెట్టి చదువు. మన వైపు కాల్చే చెత్త వారానికి రెండుసార్లు, సీసాలూ డబ్బాలూ కాగితాలూ వారానికోసారి, కాల్చనివి నెలకు రెండుసార్లు తీసుకెళ్తారు. ఏదైనా పొద్దున 8 లోపే పెట్టాలి. సంచి లోపలిది కనిపించేలా ఉండాలి. 30 సెంటీమీటర్లు దాటిన వస్తువైతే 'సొదాయ్ గోమి', అంటే పెద్ద చెత్త, కింద ముందు బుక్ చేసుకుని, కన్వీనియన్స్ స్టోర్‌లో 200, 300 యెన్‌ల స్టిక్కర్లు కొని అంటించాలి. వార్డు ఆఫీసులో ఇంగ్లిష్ పుస్తకం అడుగు, ఇస్తారు.

ఎదోగావా_అక్క:
అమ్మాయ్, పద్నాలుగేళ్ళ క్రితం నేనూ ఇదే పని చేశాను, అందుకే వివరంగా రాస్తున్నాను. దీపావళికి అరిసెలు వండిన నూనె అర లీటరు పాల డబ్బాలో పోసి చెత్తలో పెట్టాను. మూత ఊడిపోయింది.

ముందు నూనె సంగతి. ఇక్కడ 100 యెన్‌ల షాపుల్లో కూడా నూనెను గడ్డకట్టించే పొడి దొరుకుతుంది. స్టవ్ కట్టేశాక, వేడి తగ్గకముందే అందులో వేసి కలిపితే చల్లారేసరికి జున్నులా గడ్డకడుతుంది. పెళ్ళగించి కాల్చే చెత్తలో వేయొచ్చు. కొంచెమే ఉంటే పాత గుడ్డకో, నలిపిన పేపర్‌కో పీల్పించు. సింకులో మాత్రం ఎప్పుడూ పోయకు. ఆవకాయ సీసాను ముందు పాత పేపర్‌తో తుడిచి తర్వాత కడుగు. అది, కొబ్బరిపాల డబ్బాలూ సీసాల రోజున పెట్టాలి. గ్లాసు పగిలితే పేపర్లో చుట్టి పైన 'కికెన్' అని రాయాలి, అంటే ప్రమాదం అని. ఎత్తేవాళ్ళ చేతులు తెగకూడదు కదా.

ఇక కాకులు. మన దగ్గర కాకికి పిండం పెట్టి, అది ముట్టేదాకా ఎదురుచూస్తాం. ఇక్కడ వాటి గోల పడలేక 2001లో టోక్యో ప్రభుత్వం వాటిని పట్టుకునే పనే మొదలుపెట్టింది. అందుకే మీ చెత్త దగ్గర వల ఉంటుంది చూడు. సంచి పెట్టి వల అంచులు నేలకు ఆనేలా లాగాలి. ఈ ఒక్కటి చేస్తే చాలు, సగం మంది నిన్ను మెచ్చుకుంటారు.

ఇక్కడి పెద్దవాళ్ళకు చెత్త విషయంలో అంత పట్టింపు ఎందుకో నాకూ మొదట్లో తెలియలేదు. మీకు దగ్గర్లో షిన్‌కిబా స్టేషన్ పక్కన యుమెనోషిమా ఉంది, 'కలల దీవి' అని అర్థం. ఒకప్పుడు టోక్యో చెత్తంతా అక్కడే పోసేవారు. 1965లో అక్కడి నుంచి ఈగలు గుంపులుగా ఊళ్ళోకి వచ్చాయి. 1971లో టోక్యో గవర్నర్ 'చెత్త యుద్ధం' ప్రకటించారు. 1973లో ఆ దీవి ఉన్న కోతో వార్డు జనం సుగినామి వార్డు చెత్త బళ్ళను రోడ్డు మీదే ఆపేశారు, మీ చెత్త మా మీద పోయడమేంటని. డెబ్బై దాటినావిడ అంటే ఆ రోజుల్లో కుర్రది. ఇప్పుడక్కడ పార్కు ఉంది, పక్కన చెత్త కాల్చే ప్లాంటు వేడితో నడిచే అద్దాల తోట ఉంది. పాపను తీసుకెళ్ళు.

ఆవిడ దగ్గరికి తప్పకుండా వెళ్ళు. దాక్కుంటే నిన్ను నిర్లక్ష్యం మనిషి అనుకుంటుంది. సున్నుండలు ఇప్పుడే వద్దు. పరిచయం లేని ఇంటి వంట తినడానికి చాలామంది సంకోచిస్తారు, పారేయలేక ఇబ్బంది పడతారు. విడివిడిగా ప్యాక్ చేసిన బిస్కట్ల పెట్టె, వెయ్యి యెన్‌ల లోపుది చాలు. ఇంకా ఖరీదైంది ఇస్తే ఆవిడ తిరిగి అంత ఇవ్వాల్సి వస్తుంది. రెండు చేతులా ఇచ్చి, 'కోనో ఐదా వా గోమి నో కోతో దే గోమేవాకు ఒ ఒకాకే షిమాషితా' అను. మొన్న చెత్త వల్ల మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను అని అర్థం. కాగితం చూసి చదివినా తప్పులేదు.

హచియోజి_నుంచి:
ఒక్క మాట చేరుస్తాను. టోక్యో అంతా ఒకటే పద్ధతి అనుకోవద్దు. మా హచియోజిలో 2004 నుంచి మునిసిపాలిటీ నిర్ణయించిన సంచులే కొనాలి. తొకుషిమా రాష్ట్రంలోని కమికత్సు అనే చిన్న ఊళ్ళో 40కి పైగా రకాలుగా వేరు చేస్తారు. ఇల్లు మారిన ప్రతిసారీ కొత్తగా నేర్చుకోవాల్సిందే.

తూగోజీ_అమ్మాయి:
అక్కా, ఇవాళ వెళ్ళాను. పాప కూడా వచ్చింది. కాగితం చూసి చదువుతుంటే చేతులు వణికాయి. ఆవిడ చివరిదాకా ఆగి విని, నాకంటే కిందికి వంగింది. ఆ రోజు కోప్పడలేదట. నూనె మీద నేను జారి పడతానేమో జాగ్రత్త అని చెప్పిందట! ఫోన్లో అనువదించి చూపించింది. గంట తర్వాత మా తలుపు కొట్టి నాలుగు నారింజపళ్ళు, ఒక క్యాలెండర్ ఇచ్చింది. మంగళ, శుక్రవారాల్లో ఎర్ర పెన్నుతో నిప్పు బొమ్మలు, గురువారాల్లో సీసా బొమ్మలు గీసింది, మొత్తం సంవత్సరానికి! దాన్ని ఫ్రిజ్ మీద అంటించాను.

ఇంకొక్క సందేహం. కుక్కర్ పాత గ్యాస్కెట్ ఏ రోజున పెట్టాలి?

ఎదోగావా_అక్క:
రబ్బరు కాబట్టి నిప్పు బొమ్మ రోజున, తల్లీ. నారింజపళ్ళకు బదులు మళ్ళీ ఏమీ పట్టుకెళ్ళకు, కనిపించినప్పుడు బాగున్నాయని చెప్పు, చాలు.